తాళం వేసిన రోజుకు ఫైను ఎవరు కట్టాలి?





విద్య కోసం మీరు ఇచ్చే విరాళంలో కొంత పుస్తకాలకు పోతుంది. పుస్తకం కొన్నప్పుడు రసీదు వస్తుంది, లెక్కల్లో చేరుతుంది. ఆ తర్వాత ఆ పుస్తకం ఎన్ని ఇళ్ళకు వెళ్ళింది, ఎన్నిసార్లు తిరిగి బీరువాలోకి వచ్చింది అని అడిగేవారు తక్కువ. బడిలో పాఠం చెప్పేవాళ్ళం కాబట్టి మేము ఆ రాకపోకలనే ఎక్కువగా చూస్తుంటాం. చిన్న గ్రంథాలయం బతికేది వాటి మీదే. 1931లో ఎస్.ఆర్.రంగనాథన్ గారు గ్రంథాలయాలకు అయిదు సూత్రాలు చెప్పారు. పుస్తకాలున్నది వాడుకోవడానికే అన్నది వాటిలో మొదటిది.

ఆ రాకపోకల్లో వచ్చే ఒక చిక్కును ఈ వ్యాసంలో పాఠంగా చెప్పదలిచాం. పుస్తకం తిరిగి ఇవ్వవలసిన రోజున గ్రంథాలయమే మూసి ఉంటే ఏం చేయాలి? మూసి ఉన్న రోజులకు ఫైను వేయవచ్చా? చిన్న విషయంగా కనిపిస్తుంది. ఒక పిల్ల మళ్ళీ గ్రంథాలయం గడప తొక్కుతుందా లేదా అన్నది దీని మీద ఆధారపడిన సందర్భాలు ఉన్నాయి. కాబట్టి కాస్త ఓపికగా చదవమని కోరుతున్నాం.

అనుకోని సెలవులు ఎన్ని రకాలు

ఆదివారం, ఆగస్టు 15 లాంటి సెలవులు ముందే తెలుసు. గడువు తేదీ వేసేటప్పుడే వాటిని తప్పించవచ్చు. చిక్కంతా ముందు తెలియని సెలవులతోనే. మన తెలంగాణలో గత కొన్నేళ్ళలోనే ఇవి ఎన్ని రకాలుగా వచ్చాయో గుర్తు చేసుకుందాం.

2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మె 42 రోజులు సాగింది. బడులు కూడా మూతపడ్డాయి. 2019 అక్టోబరు 5న ఆర్టీసీ సమ్మె మొదలై 52 రోజులు నడిచింది. దసరా సెలవులను అక్టోబరు 19 దాకా పొడిగించారు. 2020 మార్చి 16 నుంచి కరోనా కారణంగా బడులు మూశారు. 9, 10 తరగతులకు మళ్ళీ తెరిచింది 2021 ఫిబ్రవరి 1న. ఆ మార్చి 24 నుంచి మళ్ళీ మూత. తిరిగి సెప్టెంబరు 1న తెరిచారు. 2023 జులైలో భారీ వానలకు సెలవులు ఇచ్చారు. ఇవి కాక బంద్‌లు, పోలింగ్ కేంద్రంగా మారిన భవనాలు, ఉన్న ఒక్క లైబ్రేరియన్‌కు జ్వరం రావడం, తాళం చెవి ఉన్న వ్యక్తి ఊరికి వెళ్ళడం కూడా ఉన్నాయి. పెద్ద గ్రంథాలయానికి ఒకరు రాకపోతే ఇంకొకరు ఉంటారు. చిన్న గ్రంథాలయంలో ఒక మనిషి రాకపోతే ఆ రోజు తలుపు తెరుచుకోదు.

ఒక లెక్క చేద్దాం

తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి 2020 మార్చి 11, బుధవారం నాడు బడి గ్రంథాలయంలో 80 రూపాయల కథల పుస్తకం తీసుకుందనుకుందాం. గడువు 14 రోజులు. అంటే మార్చి 25న తిరిగి ఇవ్వాలి. ఫైను రోజుకు ఒక రూపాయి. మార్చి 16న బడి మూతపడింది. 2021 ఫిబ్రవరి 1న తెరిచిన మొదటి రోజే ఆ పిల్ల పుస్తకం పట్టుకుని వచ్చింది.

రిజిస్టరులో ఉన్న తేదీని ఉన్నట్టుగా చూస్తే పుస్తకం 313 రోజులు ఆలస్యమైంది. 313 రూపాయల ఫైను! 80 రూపాయల పుస్తకానికి దాదాపు నాలుగింతలు. పిల్ల చేసిన ఆలస్యం మాత్రం ఒక్క రోజు కూడా లేదు.

ఇప్పుడు ఇదే లెక్కను సరిగ్గా చేద్దాం. మార్చి 12 నుంచి 15 దాకా ఆమెకు 4 రోజులు దక్కాయి. 14లో ఇంకా 10 రోజులు మిగిలి ఉన్నాయి. మార్చి 16 నుంచి జనవరి 31 దాకా మూసి ఉన్న 322 రోజులను లెక్కలోంచి తీసేయాలి. ఫిబ్రవరి 1 నుంచి మిగిలిన 10 రోజులు లెక్కిస్తే కొత్త గడువు ఫిబ్రవరి 10. అంటే ఆమె తొమ్మిది రోజులు ముందే తెచ్చింది.

ఒకే పిల్ల, ఒకే పుస్తకం, ఒకే రోజు. ఒక లెక్క ప్రకారం 313 రూపాయలు బాకీ, ఇంకో లెక్క ప్రకారం మెచ్చుకోవలసిన పాఠకురాలు. ఆ సంవత్సరం కూలి పనులు లేక ఇబ్బంది పడిన ఇంట్లో 313 రూపాయలు అడిగితే ఏమవుతుందో మీరు ఊహించగలరు. ఆ ఇంటి నుంచి పుస్తకమూ రాదు, పిల్లా రాదు.

చట్టం ఈ చిక్కును ఎలా విప్పింది

ఈ ప్రశ్న కొత్తది కాదు. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం పదో సెక్షన్‌లోనే దీనికి జవాబుంది. కోర్టులోగానీ కార్యాలయంలోగానీ ఫలానా రోజున చేయవలసిన పని ఉండి, ఆ రోజు అది మూసి ఉంటే, తిరిగి తెరిచిన మొదటి రోజున చేసినా గడువులోపు చేసినట్టే లెక్క. 1963 లిమిటేషన్ చట్టం నాలుగో సెక్షన్‌లోనూ దావాల విషయంలో ఇదే పద్ధతి.

ఒకటి రెండు రోజుల మూతకు ఇది చాలు. నెలల తరబడి మూతపడితే? కరోనా కాలంలో సుప్రీంకోర్టు తనంతట తానుగా ఈ విషయం చేపట్టింది. 2022 జనవరి 10న ఇచ్చిన ఉత్తర్వులో, 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న కాలాన్ని గడువుల లెక్కలోంచి తీసేయమంది. ఆ మధ్యలో గడువు ముగిసినవారికి 2022 మార్చి 1 నుంచి 90 రోజులు ఇచ్చింది. ఎవరికైనా అంతకంటే ఎక్కువ రోజులు మిగిలి ఉంటే ఆ ఎక్కువే వర్తిస్తుందని చెప్పింది. ఇందులో మన చిన్న గ్రంథాలయానికి పనికొచ్చే మాటలు రెండున్నాయి. మూసి ఉన్న కాలాన్ని లెక్కపెట్టకూడదు. తెరిచాక కూడా మనుషులు తేరుకోవడానికి కొన్ని రోజులు ఇవ్వాలి.

ఇంకో పాఠం బ్యాంకుల నుంచి వచ్చింది. 2020 మార్చి 27న రిజర్వు బ్యాంకు వాయిదాల చెల్లింపుకు మూడు నెలలు వెసులుబాటు ఇచ్చింది, తర్వాత ఆగస్టు 31 దాకా పొడిగించింది. తేదీ ముందుకు జరిగింది కానీ వడ్డీ ఆగలేదు. చివరికి వడ్డీ మీద వడ్డీ వేయరాదని 2021 మార్చి 23న సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. తేదీని జరపడం, మీటరు ఆపడం రెండు వేర్వేరు పనులని దీనివల్ల తెలుస్తుంది. గ్రంథాలయంలోనూ రెండూ చేయాలి. గడువు పొడిగించామని బోర్డు పెట్టి, రిజిస్టరులో పాత తేదీ నుంచే ఫైను వేస్తే ఆ బోర్డుకు అర్థం లేదు.

మన దీన్ నేర్పిన క్రమం

మేము ఆలిములం కాదు. ఫత్వా ఇవ్వడం మా పని కాదు. చిన్నప్పటి నుంచి మనందరం విన్న నాలుగు విషయాలు ఈ లెక్కను అర్థం చేసుకోవడానికి పనికొస్తాయని మాత్రమే చెబుతున్నాం.

మొదటిది రోజా. జబ్బు పడినవారు, ప్రయాణంలో ఉన్నవారు తప్పిన రోజాలను ఇతర దినాల్లో అదే లెక్కకు పూర్తి చేసుకోవాలని సూరా బఖరాలో ఉంది. తప్పిన రోజులు ఎన్నో, తర్వాత పెట్టేవీ అన్నే. దీన్ని ఖజా అంటాం. కారణం లేకుండా కావాలని భంగం చేసినదానికి కఫ్ఫారా వేరు. ఆ రెండింటినీ ఎవరూ కలపరు. గ్రంథాలయం మూసి ఉండటం వల్ల తప్పిన రోజులు మొదటి కోవకు చెందినవి.

రెండవది అప్పు. బాకీ ఉన్న మనిషి ఇబ్బందిలో ఉంటే వెసులుబాటు కలిగేదాకా గడువు ఇవ్వాలని, వదిలేస్తే ఇంకా మేలని అదే సూరా 280వ ఆయత్ బోధిస్తుంది.

మూడవది రాత. ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ అదే సూరాలోని 282వది. గడువు పెట్టి ఇచ్చిపుచ్చుకునే అప్పును, చిన్నదైనా పెద్దదైనా, గడువుతో సహా రాసుకోవడానికి బద్ధకించవద్దని అందులో ఉంది. గడువు ఉన్నచోట రాత ఉండాలి. గడువు మారినచోటా రాత ఉండాలి.

నాలుగవది అమానతు. ఎవరి అమానతును వారికి అప్పగించాలని సూరా నిసాలో ఆదేశం ఉంది. కాబట్టి ఫైను ఆగినంత మాత్రాన పుస్తకం సొంతమైపోదు. చినిగినా, పోయినా బాధ్యత పాఠకుడిదే. మేము మాఫీ అనేది ఆలస్యం విషయంలోనే, పుస్తకం విషయంలో కాదు.

న్యాయం వేరు, దయ వేరు

ఈ పాఠంలో ముఖ్యమైన మాట ఇక్కడ ఉంది. జుమా ఖుత్బాలో మనం తరచుగా వినే సూరా నహ్ల్ ఆయత్‌లో అద్ల్, ఎహ్సాన్ అని రెండు మాటలు పక్కపక్కనే వస్తాయి. అద్ల్ అంటే న్యాయం. ఎహ్సాన్ అంటే దానికి మించి చేసే మేలు.

తాళం మనం వేశాం. ఆ రోజులకు ఫైను తీసుకోకపోవడం అద్ల్. అది పాఠకుడి హక్కు. అందుకు అతను దరఖాస్తు పెట్టుకోనక్కరలేదు, ఎవరి ముందూ నిలబడి బతిమాలనక్కరలేదు. కార్యదర్శి గారి మంచితనం మీద అది ఆధారపడకూడదు. మంచితనం మీద ఆధారపడితే ఏమవుతుందో అందరికీ తెలుసు. ధైర్యంగా అడిగినవాడికి మాఫీ అవుతుంది. పెద్దల ఇంటి పిల్లవాడికి అడగకుండానే అవుతుంది. బిడియపడే పిల్ల మాత్రం పుస్తకాన్ని ట్రంకు పెట్టెలో దాచి, ఆ వీధికే రావడం మానేస్తుంది.

గ్రంథాలయం తెరిచే ఉంది, పాఠకుడే రాలేకపోయాడు. ఇంట్లో మరణం, ఆసుపత్రి, పరీక్షలు, పని కోసం ఊరు మారడం. ఇక్కడ మాఫీ చేస్తే అది ఎహ్సాన్. దీన్ని అడగాలి, కారణం చెప్పాలి, రిజిస్టరులో ఒక వాక్యం రాసి సంతకం చేయాలి. ఇందులో తప్పు లేదు.

ఈ రెండూ కలిసిపోయినప్పుడే గొడవ. హక్కును దయగా ఇస్తే పాఠకుడి మనసు చిన్నబోతుంది. దయను హక్కుగా పంచితే పుస్తకాలు తిరిగి రావు, తర్వాత వరుసలో ఉన్న పిల్లవాడికి అన్యాయం జరుగుతుంది.

మూత పడక ముందే ఆలస్యం చేసినవారి సంగతి ఏమిటని కొందరు అడుగుతారు. వారికి ముందు పడిన రోజుల ఫైను అలాగే ఉంటుంది. మూసిన రోజుల్లో పెరగదు. తెరిచిన రోజు నుంచి మళ్ళీ నడుస్తుంది.

నెలవంక రోజు

మన సమాజం నడిపే గ్రంథాలయానికి ఏటా తప్పకుండా వచ్చే అనుకోని సెలవు ఒకటుంది. అది రంజాన్ పండుగ. 29వ సాయంత్రం నెలవంక కనబడితే మరునాడే ఈద్. లేకపోతే ఇంకో రోజా. 2024లో ఏప్రిల్ 9 సాయంత్రం మన దగ్గర నెలవంక కనబడలేదు. పండుగ 11, గురువారం నాడు జరిగింది. పండుగ 10నా 11నా అన్నది 9వ తేదీ రాత్రిదాకా తెలియదు. మార్చి చివర్లో పుస్తకం ఇచ్చిన లైబ్రేరియన్‌కు ఎలా తెలుస్తుంది?

మార్గం తేలికే. 29వ రోజా నుంచి పండుగ తర్వాత మూడు రోజుల వరకు ఏ పుస్తకానికీ గడువు తేదీ వేయకూడదు. ఆ మధ్యలో పడే తేదీలన్నీ ఆ తర్వాతి పనిదినానికి ముందే జరిపి స్టాంపు వేయాలి. బక్రీదుకు పది రోజుల ముందే తేదీ తెలుస్తుంది కాబట్టి అంత ఇబ్బంది లేదు.

తలుపు తెరిచి ఉంది, దారి మూసి ఉంది

రావిర్యాల చుట్టుపక్కల ఈ సంగతిని ప్రత్యేకంగా ఆలోచించాలి. పక్కన ఔటర్ రింగ్ రోడ్డు, వండర్‌లా, ఫ్యాబ్ సిటీ కంపెనీలు వచ్చాక ఊరి రూపం మారింది. పని కోసం వచ్చి అద్దె గదుల్లో ఉండే కుటుంబాలు పెరిగాయి. తుక్కుగూడ, ఇబ్రహీంపట్నం వైపు బస్సు మీదో ఆటో మీదో చదువుకోవడానికి వెళ్ళే పిల్లలున్నారు. 2019 సమ్మెలో బస్సులు సరిగా నడవని రోజుల్లో గ్రంథాలయం తెరిచి ఉన్నా దూరం నుంచి వచ్చే పాఠకుడికి అది మూసినట్టే. భారీ వానలో వాగు పొంగిన రోజూ అంతే.

అలాంటి రోజులను కమిటీ ఒక మాటగా 'దారి మూసిన రోజు' అని ప్రకటించి రిజిస్టరులో రాయాలి. అప్పుడు ఒక్కొక్కరూ వచ్చి కారణం చెప్పుకోవలసిన పని ఉండదు. మూసిన రోజుకు వర్తించే నియమమే దానికీ వర్తిస్తుంది.

కంప్యూటరు ఉన్నా మనిషి చేయవలసిన పని

ఇప్పుడు చాలా గ్రంథాలయాలు సాఫ్ట్‌వేర్‌కు మారుతున్నాయి. మన దేశంలో ఎన్.ఐ.సి. తయారు చేసిన ఈ-గ్రంథాలయ ఉంది. న్యూజిలాండ్‌లో పుట్టి 2000 జనవరిలో వాడకంలోకి వచ్చిన కోహాను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. కోహా అంటే అక్కడి మావోరీ భాషలో కానుక. దాతలకు నచ్చే పేరే.

కోహాలో సెలవుల క్యాలెండరు ఉంటుంది. మూసిన రోజులకు ఫైను లెక్కించాలా వద్దా అని ముందే ఎంచుకునే ఏర్పాటు ఉంటుంది. ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఈరోజు కొత్తగా సెలవు నమోదు చేసినంత మాత్రాన, నిన్నటిదాకా ఇచ్చిన పుస్తకాల గడువు తేదీలు వాటంతట అవి మారవు. వాటన్నిటినీ ఒకేసారి పొడిగించే పని వేరుగా చేయాలి. అది చేయకపోతే తెరిచిన రోజు ఉదయమే పిల్లల ఫోన్లకు ఆలస్యం నోటీసులు వెళ్తాయి. కాగితం రిజిస్టరైనా, కంప్యూటరైనా తేదీ మార్చవలసింది మనిషే.

గోడకు అంటించవలసిన నియమాలు

ప్రతి చిన్న గ్రంథాలయం ఈ ఏడు నియమాలను తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి తలుపు పక్కన పెట్టాలని మా సూచన.

1. మూసి ఉన్న రోజుకు ఫైను లేదు. అడగవలసిన పని లేదు.
2. మూడు రోజుల లోపు మూత అయితే, ఆ మధ్యలో పడిన గడువు తెరిచిన మొదటి రోజుకు మారుతుంది.
3. మూడు రోజులకు మించితే, మూసిన రోజులన్నీ ప్రతి పుస్తకం గడువుకు కలుస్తాయి. తెరిచాక కనీసం ఏడు రోజుల వ్యవధి అందరికీ ఉంటుంది. రెండింటిలో ఏది తర్వాత వస్తే అదే గడువు.
4. మామూలు వేళల్లో సగం కంటే తక్కువ సేపు తెరిచిన రోజు మూసిన రోజే.
5. మూసి ఉన్నప్పుడు పుస్తకాన్ని గడప దగ్గర వదిలి వెళ్ళవద్దు. వానకు తడిసినా, పోయినా నష్టం మనందరిదీ. ఇంట్లోనే భద్రంగా ఉంచండి.
6. ఏ ఫైనూ పుస్తకం ధరను మించదు. పదో తరగతి లోపు పిల్లలకు డబ్బు ఫైను లేదు. పుస్తకం తెచ్చేదాకా కొత్తది ఇవ్వరు, అంతే.
7. మూసిన తేదీ, తెరిచిన తేదీ, కారణం రిజిస్టరులో అదే రోజు రాసి ఇద్దరు సంతకం చేయాలి.

ఆరో నియమం చూసి కొందరు పెద్దలకు సందేహం రావచ్చు. ఫైను లేకపోతే భయం ఉంటుందా అని. 2021 అక్టోబరులో న్యూయార్కు నగరంలోని ప్రజా గ్రంథాలయాలు ఆలస్యపు ఫైనును పూర్తిగా ఎత్తేశాయి. పోగొట్టిన పుస్తకానికి ధర మాత్రం కట్టాలన్నాయి. అంత పెద్ద నగరం ధైర్యం చేసినప్పుడు, పిల్లల పేర్లూ ఇంటి పెద్దల పేర్లూ తెలిసిన మన చిన్న ఊరు భయపడనక్కరలేదు. ఇక్కడ లైబ్రేరియన్ ఒక్కసారి ఇంటికి వెళ్ళి "బేటా, ఆ పుస్తకం ఇంకొకరు అడుగుతున్నారు" అంటే చాలు.

అభ్యాసం

కమిటీ సభ్యులు, వాలంటీర్లు ఈ రెండు లెక్కలు చేసి చూడాలి. ఫైను రోజుకు రూపాయి అనుకోండి.

మొదటి లెక్క: గడువు 2024 ఏప్రిల్ 11. ఆ రోజు ఈద్. 11, 12 తేదీల్లో గ్రంథాలయం మూశారు. పాఠకుడు 13న తెచ్చాడు. ఫైను ఎంత? జవాబు: లేదు. రెండో నియమం ప్రకారం 13వ తేదీయే గడువు.

రెండో లెక్క: గడువు 2023 జులై 14. పాఠకుడు మరిచిపోయాడు. వానల వల్ల 20, 21 తేదీల్లో, ఆదివారం కాబట్టి 16, 23 తేదీల్లో గ్రంథాలయం మూశారనుకుందాం. అతను 24న తెచ్చాడు. జవాబు: మొత్తం 10 రోజులు, అందులో మూసినవి 4. ఫైను 6 రూపాయలు. ఆ ఆరు రూపాయలు అతను కట్టాలి. వదిలేయాలనుకుంటే అది ఎహ్సాన్, రాసి సంతకం చేయాలి.

దాతలకు మనవి

హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైంది. ఈ గడ్డ మీద పుస్తకం అందరిదీ కావాలని కోరుకున్న పెద్దలు అప్పుడే ఉన్నారు. మీరు ఆ దారిలోనే నడుస్తున్నారు. పుస్తకాలు కొనివ్వడంతో పాటు మీరు ఇంకో పని చేయవచ్చు. మీరు విరాళమిచ్చే గ్రంథాలయానికి ఈ ఏడాది ఒక్కసారి వెళ్ళండి. ఇష్యూ రిజిస్టరు అడగండి. గత ఏడాది ఎన్ని రోజులు మూశారు, ఆ రోజులు రాసి ఉన్నాయా, వాటికి ఎవరి దగ్గరైనా ఫైను తీసుకున్నారా చూడండి. తీసుకుని ఉంటే తిరిగి ఇప్పించండి. ఒక స్టాంపు, ఒక గోడ బోర్డు, ఒక రిజిస్టరు కొనడానికి పెద్ద ఖర్చు కాదు.

మనిషి పోయాక కూడా పుణ్యం ఆగని పనుల్లో సదఖా జారియా, ప్రయోజనం కలిగించే విద్య ఉన్నాయని దైవప్రవక్త (స) బోధించారు. మీరిచ్చిన పుస్తకంలో ఆ రెండూ ఉన్నాయి. అది ఇంటింటికీ తిరుగుతూ ఉండాలి. మన తాళం వల్ల, మన లెక్క తప్పు వల్ల ఏ పిల్లా ఆ పుస్తకాన్ని చూసి భయపడే పరిస్థితి రాకూడదు.

అల్లాహ్ మనకు న్యాయం చేసే బుద్ధిని, ఆపై మేలు చేసే మనసును ప్రసాదించుగాక. ఆమీన్.